కడుపు క్యాన్సర్ - ఆడవాళ్ళ కంచం

(ఏలూరులో మహిళల ఆరోగ్య హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు లేబొరేటరీలో ముప్పై ఒక్క ఏళ్ళు రక్తపరీక్షలు చేసి రిటైరైన దాన్ని. పుట్టింది కొల్లేటి లంకల్లో. నన్ను మాట్లాడమన్నప్పుడు "వేదికెక్కి చెప్పేంత నాకేం తెలుసు" అన్నాను. "ఇన్నేళ్ళు రక్తం చూసినదానివి, అదేం చెబుతుందో వచ్చి చెప్పు" అన్నారు మన సంఘం వాళ్ళు. అందుకని వచ్చాను.

రక్తపరీక్ష అంటే ఏమిటో ఏలూరు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరులో ఈ ఊళ్ళో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. రక్తం ఢిల్లీ ఎయిమ్స్‌కి పంపితే సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తరవాత పురుగుమందుల మాట కూడా వచ్చింది. ఆ రోజుల్లో ఊరు ఊరంతా రక్తంలో ఏముందన్న మాటే. కాని మన రక్తం రోజూ చెబుతున్న సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. మామూలు లేబొరేటరీలో ఒక్క పూటలో తేలే అంకెలవి. కడుపు క్యాన్సర్ వచ్చిన మనిషి ఆపరేషన్‌కి తట్టుకుంటుందా, మందులకి నిలుస్తుందా అన్నది ఆ అంకెలు ముందుగానే కొంత చెబుతాయి. ఆడవాళ్ళ విషయంలో ఆ మాట ఎందుకు ఎవరి చెవికీ ఎక్కదో చెప్పడమే ఈరోజు నా పని.

మా వదిన

మా పెద్దన్నయ్య భార్య కథతో మొదలుపెడతాను. 2009 నాటి సంగతి. వదినకి అప్పుడు నలభై ఏడేళ్ళు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని చెరువు గట్లు కొట్టేసినప్పుడు అన్నయ్యకి ఉన్న వాటా పోయింది. అప్పటినుంచి వదిన ఆకివీడు వైపు రొయ్యల షెడ్డుకి తలలు తీసే పనికి వెళ్ళేది. తెల్లవారకుండా పోయి పొద్దుపోయాక వచ్చేది. వచ్చి వండి, అందరికీ పెట్టి, గిన్నెలో ఏది మిగిలితే అది తినేది. మా ఇంట్లో చేపకేమీ కొరత లేదు. ముక్కలు మగవాళ్ళకి, పిల్లలకి, పులుసు వదినకి.

నా దగ్గరకి వచ్చినప్పుడు ఒకే మాట అంది. "అన్నం సయించట్లేదమ్మాయ్. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది." అప్పటికి నాలుగు నెలలుగా ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన గ్యాస్ మాత్రలు మింగుతోంది. నీరసమంటే ఐరన్ మాత్రలు కూడా ఇచ్చారు.

నేనే రక్తం తీశాను. నేనే పరీక్ష చేశాను. హిమోగ్లోబిన్ 7.6. తెల్లకణాలు 5,600, అందులో లింఫోసైట్లు 18 శాతం. ఆల్బుమిన్ 2.7. దాంతోపాటు, నా తెలివి కొద్దీ, సి.ఇ.ఎ. అనే ట్యూమర్ మార్కర్ కూడా చేయించాను. అది నార్మల్ వచ్చింది. "మార్కర్ బాగానే ఉంది వదినా, నువ్వనుకున్నదేం లేదు" అని నవ్వుతూ చెప్పి బస్సెక్కించాను. మిగిలిన మూడు అంకెలు నా చేత్తోనే రిజిస్టరులో రాశాను. వాటిని చదవలేదు.

రెండు నెలల తరవాత తిన్నదల్లా వాంతి అవుతుంటే ఎండోస్కోపీ చేయించారు. జీర్ణాశయం కింది చివర గడ్డ. తెల్లకార్డు మీద ఆరోగ్యశ్రీలో ఒక పెద్ద ఆస్పత్రిలో వారంలోగా ఆపరేషన్ అయింది. ఆపరేషన్‌కి ముందు ఆమె ఎంత బరువు తగ్గిందని ఎవరూ అడగలేదు. ఆల్బుమిన్ ఎంతని మేమూ అడగలేదు. పేగు కుట్టిన చోట అతకలేదు, లీకయింది. పంతొమ్మిదో రోజున పోయింది. "ఆపరేషన్ బాగానే జరిగిందమ్మా, బాడీ సపోర్ట్ చెయ్యలేదు" అన్నారు.

ఈ మాట మీలో చాలామంది విని ఉంటారు. బాడీ సపోర్ట్ చెయ్యలేదు! తప్పు ఆ మనిషి ఒంటిదే అన్నట్టు. ఆ ఒళ్ళు అలా ఎందుకుందని అడిగేవాళ్ళు ఉండరు.

ఒక చిన్న లెక్క

2017లో మా అమ్మాయి న్యూట్రిషన్ చదువుతూ ఒక లెక్క చూపించింది. కాగితం, పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి. ఆల్బుమిన్ అంకెని పదితో గుణించాలి. మొత్తం తెల్లకణాల్లో లింఫోసైట్లు ఎన్నో చూసి, దాన్ని 0.005తో గుణించాలి. రెండూ కలపాలి. ఇంతే. 1984లో జపాన్‌లో ఒనొడెరా అనే సర్జను, ఆయన సహచరులు దీన్ని ప్రకటించారు. ప్రోగ్నాస్టిక్ న్యూట్రిషనల్ ఇండెక్స్ అంటారు. మనం పోషణ సూచిక అనుకుందాం.

ఆరోగ్యంగా ఉన్న మనిషిని తీసుకోండి. ఆల్బుమిన్ 4.2 అయితే 42. తెల్లకణాలు 7,000, అందులో లింఫోసైట్లు 30 శాతం అంటే 2,100. దాన్ని 0.005తో గుణిస్తే 10.5. మొత్తం 52.5. ఒనొడెరా లెక్కలో 45 దాటితే జీర్ణాశయం, పేగుల మీద పెద్ద ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకుంటుంది. 40కీ 45కీ మధ్య ప్రమాదం. 40 దిగితే కోసి అతికించే పని పెట్టుకోవద్దన్నాడు. తరవాత జపాన్, చైనా, కొరియాల్లో వేలమంది కడుపు క్యాన్సర్ రోగుల మీద చూశారు. గీత ఎక్కడ గియ్యాలన్న దాంట్లో తేడాలున్నాయి గాని, ఈ సూచిక తక్కువున్న వాళ్ళకి ఆపరేషన్ తరవాత చిక్కులు ఎక్కువ, బతికే కాలం తక్కువ అన్నది మళ్ళీమళ్ళీ తేలింది.

ఆ రాత్రి పాత రిజిస్టరు తీసి వదిన లెక్క వేశాను. 27, దానికి 5 కలిపితే 32.

సరిగ్గా తిండి పెట్టి, ఆగి ఆపరేషన్ చేస్తే ఆమె బతికేదని నేను చెప్పను. జబ్బు అప్పటికే ముదిరింది. కాని 32 అన్నది ఆపరేషన్‌కి రెండు నెలల ముందే కాగితం మీద ఉంది. దాన్ని రాసిన చెయ్యి నాది.

ఏ అంకె ఏం చెబుతుంది?

ఇక్కడ ఒక గందరగోళం ఉంది, అందులో నేనూ పడ్డాను. మార్కర్లన్నీ ఒకటి కావు. సి.ఇ.ఎ., సి.ఎ. 19-9, సి.ఎ. 72-4 లాంటివి గడ్డ వదిలే పదార్థాలు. కడుపు క్యాన్సర్ ఉన్నా చాలామందిలో, ముఖ్యంగా తొలిదశలో, ఇవి మామూలుగానే ఉంటాయి. మొదట ఎక్కువుండి, చికిత్సతో తగ్గి, మళ్ళీ పెరిగితే జబ్బు తిరగబెట్టిందేమో అని అనుమానించడానికి పనికొస్తాయి. జబ్బు లేదని చెప్పడానికి పనికిరావు. "ఒక్క రక్తపరీక్షతో క్యాన్సర్ తెలుసుకోండి" అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళని నమ్మి మోసపోవద్దు. కడుపు క్యాన్సర్ తేలాలంటే ఎండోస్కోపీ చేసి ముక్క తీసి చూడాలి.

రెండో రకం, తీసిన ఆ ముక్కలో చూసే గుర్తులు. హెర్2 అనే ప్రొటీను ఎక్కువున్న గడ్డలకి ట్రాస్టుజుమాబ్ అనే మందు కలిపితే ముదిరిన దశలో ఆయుష్షు పెరుగుతుందని 2010లో వచ్చిన అధ్యయనం రుజువు చేసింది. ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తులివి. ముక్క తీశారంటే "హెర్2 చూశారా" అని అడగండి.

మూడో రకం, ఇప్పటిదాకా చెప్పుకున్నవి. ఆల్బుమిన్, లింఫోసైట్లు, హిమోగ్లోబిన్, సి.ఆర్.పి., వీటితోపాటు బరువు. ఇవి గడ్డ గురించి కాక మనిషి గురించి చెబుతాయి. ఉన్నవాటిలోకెల్లా చవకైనవి ఇవే. ఆల్బుమిన్ పరీక్షలో బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు కలుపుతాం. ఆల్బుమిన్ ఎంత ఉంటే ఆకుపచ్చ అంత చిక్కబడుతుంది. లింఫోసైట్లకి స్లైడు మీద రక్తం పలచగా పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద వంద తెల్లకణాలు లెక్కపెడతాం. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే ఆడవాళ్ళ రక్తం ఎంతోమందిది ఇలా చూశాను. చాలామందికి ఆ ఆకుపచ్చ పలచగానే వచ్చేది.

అయితే ఒక జాగ్రత్త. ఆల్బుమిన్ తగ్గిందంటే తిండి లేకనే అని చెప్పలేం. ఒంట్లో జబ్బుతో పెనుగులాట జరుగుతున్నప్పుడు కాలేయం ఆల్బుమిన్ తయారీ తగ్గించి సి.ఆర్.పి. తయారీ పెంచుతుంది. కాలేయం చెడినా, మూత్రంలో ప్రొటీను పోతున్నా తగ్గుతుంది. అందుకే అది ఒక్కటీ చూసి ఊరుకోకూడదు, బరువు కూడా చూడాలి. ఆరు నెలల్లో పదో వంతు కంటే ఎక్కువ బరువు తగ్గితే అది పెద్ద హెచ్చరిక. ఇంకో సంగతి. ఆల్బుమిన్ తక్కువుందని వేల రూపాయలు పోసి ఆల్బుమిన్ సీసాలు కొని ఎక్కించమంటే, అది తిండికి బదులనుకోకండి. కాగితం మీద అంకె నాలుగు రోజులు పెరుగుతుంది. మనిషికి కండ పట్టదు.

అందరికీ తక్కువైతే అది తక్కువ కాదా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కడుపు క్యాన్సర్ మగవాళ్ళకే ఎక్కువ, ఆడవాళ్ళకంటే సుమారు రెండింతలు. ప్రపంచంలో 2022లో 9 లక్షల 68 వేలమందికి కొత్తగా వచ్చింది, 6 లక్షల 60 వేలమంది పోయారు. మన దేశంలో మిజోరంలో అన్నిటికంటే ఎక్కువ. హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి, పొగాకు, ఉప్పులో ఊరబెట్టిన తిండి దీనికి దోహదం చేస్తాయి. మరి మహిళా సదస్సులో దీని గురించి ఎందుకంటారా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూడండి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత. మగవాళ్ళలో 25 శాతం. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో 58.8 శాతం. సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తం తక్కువున్న చోట, ఒక ఆడమనిషికి రక్తం తక్కువుందంటే ఎవరు ఉలిక్కిపడతారు? "ఆడవాళ్ళకి మామూలే, నెలసరి కదా" అని ఐరన్ మాత్రలు రాస్తారు. నలభై ఏడేళ్ళ మగవాడికి హిమోగ్లోబిన్ 7.6 ఉంటే రక్తం ఎక్కడికి పోతోందని వెతుకుతారు. మా వదిన రక్తం కడుపులో గడ్డ నుంచి కారిపోతోంది. విరేచనం నల్లగా అవుతోందని ఆమె చెప్పింది కూడా. ఐరన్ మాత్రలకి అలాగే అవుతుందన్నారు. అదీ నిజమే, ఐరన్ వేసుకుంటే నల్లగానే అవుతుంది. అందుకే అది దాటి చూడాలి.

సూచిక అన్నది పడిపోయినప్పుడు కదా మాట్లాడేది! జీవితమంతా పడిపోయే ఉన్న ఒంట్లో ఆ సూచికకి గొంతుండదు. రేషన్ కార్డు మీద ఇంటి పెద్దగా ఆడదాని పేరుండాలని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది. పేరు ముందుకొచ్చింది గాని కంచం ఇంకా చివరనే ఉంది. ఆ కార్డు మీద వచ్చేది ప్రధానంగా బియ్యమే. కొల్లేటి చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు వేసుకుని లారీల్లో కలకత్తాకి, అస్సాంకి పోతాయి. వాటిని పట్టి, ఏరి, ఎత్తే ఇళ్ళల్లో ఆడదాని కంచంలోకి పులుసు వస్తుంది.

పథ్యం పేరుతో ఆకలి

ఇక జబ్బు పడ్డాక మనం చేసేదేమిటి? జావ, చప్పిడి కూడు. పప్పు పెడితే కుట్టు చీము పడుతుందంటాం. చేప, గుడ్డు దగ్గరకే రానివ్వం. ఇంకో మాట కూడా ఉంది: "తిండి పెడితే గడ్డ పెరుగుతుంది" అని. దానికోసం రోగిని మాడ్చాలని వైద్యం ఎక్కడా చెప్పలేదు. క్యాన్సర్ రోగులకి కిలో బరువుకి రోజుకి గ్రాము నుంచి గ్రామున్నర ప్రొటీను, 25 నుంచి 30 క్యాలరీలు కావాలని యూరప్ పోషకాహార వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. నలభై కిలోల మనిషికి 40 నుంచి 60 గ్రాముల ప్రొటీను. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో 17, 18 గ్రాములు. కొల్లేటి ఇంట్లో ఇది దొరకని వస్తువా?

ఆ మార్గదర్శకాలే ఇంకో మాట చెబుతాయి. బాగా చిక్కిపోయిన రోగికి పెద్ద ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే, వారం నుంచి రెండు వారాలు ఆపి అయినా ముందు పోషణ ఇవ్వాలి. నోటితో తినలేకపోతే గొట్టం ద్వారా ఇవ్వాలి. జీర్ణాశయం తీసేశాక కొద్దికొద్దిగా రోజుకి ఐదారుసార్లు తినాలి. మొత్తం తీసేస్తే బి12 ఇంజెక్షను జీవితాంతం కావాలి. అంటే ఒనొడెరా గీసిన 40 గీతని రెండు రకాలుగా చదవొచ్చు. "దీనికి ఆపరేషన్ దండగ" అని ఇంటికి పంపడానికి వాడొచ్చు. "ముందు దీనికి తిండి పెట్టండి" అనడానికీ వాడొచ్చు. మనం రెండో దాని కోసం అడగాలి.

తిండి ఆడవాళ్ళ వంటింటి పని, వైద్యం వేరే శాస్త్రం అనుకునేవాళ్ళకి మన భీమవరం వాడినే చూపిద్దాం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ లేబొరేటరీలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశాడు. అది ఆకుకూరల్లో ఉండే విటమిను. దాని రూపాన్ని కాస్త మారిస్తే క్యాన్సర్ కణాన్ని ఆపే మందు అయింది. ఆ మందుల్ని 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకి ఇచ్చాడు. ఈనాటి మెథోట్రెక్సేట్ ఆ వరసలోదే. పోషణ శాస్త్రం నుంచే క్యాన్సర్ మందు పుట్టిందన్నమాట.

మనం అడగాల్సినవి

దక్షిణ కొరియాలో నలభై దాటిన వాళ్ళకి రెండేళ్ళకోసారి ప్రభుత్వమే కడుపు పరీక్ష చేయిస్తుంది. మన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం - ఈ మూడు క్యాన్సర్లకే పరీక్షలు. కాబట్టి కడుపు విషయంలో మన జాగ్రత్త మనమే పడాలి. నలభై దాటాక కొత్తగా అజీర్తి మొదలై, బరువు తగ్గుతుంటే, రక్తం తగ్గుతుంటే, రెండు ముద్దలకే కడుపు నిండుతుంటే, విరేచనం తారులా అవుతుంటే గ్యాస్ మాత్రలతో కాలయాపన చెయ్యొద్దు. ఎండోస్కోపీ అడగండి.

ఆస్పత్రిని, ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఇవి:

1. ఆస్పత్రిలో చేరిన మొదటిరోజునే రోగిని తూచి, బరువు, ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ రాసి, ఆ కాగితం రోగికి ఇవ్వాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లోనే ఉంది.

2. చిక్కిపోయిన రోగికి ఆపరేషన్‌కి ముందు పోషణ ఇచ్చే రోజుల్ని కూడా చికిత్సలో భాగంగా లెక్కించాలి. ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారిన ఆరోగ్యశ్రీ దానికి డబ్బు కట్టాలి.

3. క్షయ రోగులకి 2018 నుంచి పోషణ కోసం నెలకి 500 రూపాయలు ఇచ్చారు, 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. క్యాన్సర్ రోగులకీ అలాంటిది కావాలి.

4. ఆడదానికి రక్తం తక్కువుంటే ఐరన్ మాత్ర ఇవ్వడంతోపాటు అది ఎందుకు తగ్గిందో వెతకాలి.

అయిదోది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మన ఇంటిని అడిగేది. పులుసుతోపాటు ముక్క కూడా.

చివరగా ఒక్క మాట. వదిన పోయాక ఆమె బియ్యం డబ్బాలో ఒక చీటీ దొరికింది. నా దగ్గరకి రావడానికి ఆరు నెలల ముందు డ్వాక్రా వాళ్ళ ఆరోగ్య శిబిరంలో తూచి ఇచ్చినది. 44 కిలోలు. నా దగ్గరకి వచ్చిన రోజు 37. అంటే దాదాపు 16 శాతం తగ్గింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయని ఆమే నవ్వుతూ చెప్పింది. మేమూ నవ్వాం. ఆ చీటీ ఉన్నట్టు నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

బయట వరండాలో తూకం మిషను పెట్టించాను. వెళ్ళేముందు అందరూ తూయించుకోండి. తేదీ వేసి చీటీ ఇస్తాం. బియ్యం డబ్బాలో దాచొద్దు, ఇంట్లో అందరికీ కనబడేలా గోడకి అంటించండి. ఆరు నెలల తరవాత మళ్ళీ తూయించుకుని పక్కన రాయండి.